కలం పడితేనే తంటా
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను, అనుభవించినవాణ్ణి. 1989లో జీతాల బిల్లు రాస్తుండగా నా వేళ్లు కలాన్ని బిగించేశాయి, మణికట్టు లోపలికి వంగిపోయింది. అదే చేత్తో అన్నం కలుపుకున్నాను, గడ్డం గీసుకున్నాను. కలం పడితేనే తంటా! ఎవరు నమ్ముతారు? పని దొంగనన్నారు మా పై అధికారి. సంతకం కలవలేదని చెక్కు తిరిగొచ్చిన రాత్రి నాకు నిద్ర లేదు.

దీన్ని రైటర్స్ క్రాంప్ అంటారు. 19వ శతాబ్దంలో ఇంగ్లండు గుమాస్తాలకు వస్తే ఉక్కు పాళీలదే తప్పన్నారు కొందరు. తరువాత చాలాకాలం మనసు జబ్బన్నారు. 1982లో షీహీ, మార్స్‌డెన్ అనే వైద్యులు ఇది డిస్టోనియా అని వివరించారు. అంటే మెదడు కండరాలకిచ్చే ఆజ్ఞల్లో తేడా. ఒక సీటుకు మార్కు చేసిన ఫైలు అన్ని సీట్లకూ వెళ్లినట్టు, అక్కర్లేని కండరాలు కూడా బిగుస్తాయి.

రామకోటి రాస్తే చెయ్యి కుదురుతుందని మా ఆవిడ అంది. రాసినకొద్దీ మరీ బిగిసింది. చివరికి నరాల డాక్టరు ఫిజియోథెరపీకి పంపారు. ముందు కొన్ని వారాలు రాతే మాన్పించారు. తరువాత కలానికి గుడ్డచుట్టి లావుచేసి, చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య పెట్టించారు. గోడపలక మీద భుజం కదిలిస్తూ పెద్దపెద్ద సున్నాలు చుట్టించారు. ఉద్యోగం మొత్తం మీద అన్ని సున్నాలు నేను వేయలేదు! వేలు బిగిస్తే ఆపాలి, కలం కింద పెట్టాలి, మళ్లీ మొదలుపెట్టాలి. అక్షరాలు చాలా రోజుల తరువాత గాని రానివ్వలేదు.

స్పర్శకు తర్ఫీదు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. చూపున్న రోగులకే బ్రెయిలీ నేర్పి చూసిన వైద్యులున్నారు. ముంజేతి కండరాలకు బొటాక్స్ ఇంజక్షను ఇస్తారు. సుమారు మూడు నెలలు పనిచేస్తుంది, ఒక్కోసారి వేళ్లు బలహీనపడతాయి. 1960లలో కుడిచెయ్యి చెడిన అమెరికా పియానో విద్వాంసుడు లియాన్ ఫ్లైషర్, 1990లలో ఆ ఇంజక్షన్లతో మళ్లీ రెండు చేతులా వాయించాడు. అందరికీ అంత గుణం కనిపించదు. నాకూ పూర్తిగా నయం కాలేదు, సంతకం మాత్రం నిలబడింది.

చెయ్యి అకస్మాత్తుగా పడిపోతే అది ఇది కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. సంతకం మారినవాళ్లు బ్యాంకులో కొత్త నమూనా ఇచ్చుకోండి.

జేబులో చిల్లర తెచ్చాను. టీ వచ్చేలోపు కళ్లు మూసుకుని, వేలితో తడిమి, ఏ నాణెమో చెప్పండి చూద్దాం.