పడ్డ ధర ఎవరి నెత్తిన పడుతోంది?

(దర్శిలో కూలీలు, కౌలురైతుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



ప్రపంచీకరణ అంటే చదువుకున్నోళ్ల మాట, మనకెందుకు అనుకోకండి. మనం కోసిన తేజ మిరపకాయ గుంటూరు యార్డు మీదుగా చైనా దాకా పోతోంది. కోసేదీ, తాలు ఏరేదీ, ఎగుమతికి తొడిమలు తీసేదీ ఎక్కువగా మన ఆడవాళ్లే.

విదేశీ వ్యాపారమంతా చెడ్డదని నేను చెప్పను. అసలు మిరప మన దేశపు మొక్కే కాదు. అమెరికా ఖండంలో పుట్టి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. బయట గిరాకీ ఉంటే సాగు పెరుగుతుంది, కోతలకు పిలుపొస్తుంది. పని కోసం ఒక్క ఆసామి గడప ముందే నిలబడే రోజులు పోతే మనకు మంచిదే.

మరి భయం దేనికి? 2023లో క్వింటాలు 20 వేలు దాటిన మిర్చి 2025 ఫిబ్రవరికి దాదాపు సగానికి పడింది. కేంద్రం 11,781 రూపాయల ధర కట్టింది. అందులో కోసిన చేతికి ఇంత అని ఎక్కడన్నా రాశారా? ధర పెరిగినప్పుడు కూలి పెంచమంటే పెట్టుబడులు పెరిగాయంటారు. ధర పడితే ముందు తగ్గించేది కూలే.

పత్తి సంగతీ అంతే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకం 50 శాతానికి పెంచింది. బట్టల మిల్లులను ఆదుకోవాలని కేంద్రం విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకాన్ని ఆ డిసెంబరు 31 దాకా ఎత్తేసింది. మనకు పత్తి తీతలు జరిగేది ఆ నెలల్లోనే. మిల్లుకు ఊరట, చేనుకు దెబ్బ. పత్తి ధర పడిందని కౌలు తగ్గించే ఆసామి ఎక్కడున్నాడు? 2019లో రాష్ట్రం తెచ్చిన చట్టం సాగుదారు కార్డు ఇస్తానంది గానీ, భూయజమాని సంతకం అడిగింది. ఆ సంతకం పెట్టేవాళ్లెందరో మీకు తెలుసు. కార్డు లేనోడికి బ్యాంకు అప్పూ కష్టమే, పరిహారమూ కష్టమే.

కర్నూలు వైపు నుంచి పిల్లాపాపలతో కోతలకొచ్చే వాళ్లను చూపించి, 'వాళ్లు తక్కువకే వస్తారు' అని మనల్ని బెదిరిస్తారు. వాళ్లు మనకు శత్రువులు కారు. మన బిడ్డల్లాగే వాళ్ల బిడ్డలూ బడి మాని చేలో ఉంటున్నారు.

చైనాలో ధరను మనం ఆపలేం. దర్శిలో కూలి మాట్లాడుకోగలం. కోతకు ముందే కూలి తేలాలి. కిలో లెక్కన అయితే కాటా మన కళ్ల ముందే పడాలి. వలసొచ్చిన వాళ్లకూ అదే కూలి ఇవ్వాలి. యజమాని సంతకంతో పనిలేకుండా కౌలు కార్డు ఇవ్వాలని గ్రామసభలో అడగండి, తీర్మానం పుస్తకంలో రాయించండి. వచ్చే కోతల్లోపు ప్రతి మాల, మాదిగ పల్లెలో కూర్చుని ఈ మాటలు తేల్చుకుందాం. బస్తాల లెక్క రాసేవాళ్ల చేత మన కూలి లెక్కా రాయిద్దాం.

జై భీమ్!