కంప్యూటరు బరువును క్లౌడునకు దింపుకొనుట
(హచ్చొళ్ళిలో మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘ కార్యాలయమునందలి కంప్యూటరు కొన్ని నెలలుగా ఒకటే మొర పెట్టుచున్నది: స్థలము లేదని. వారపత్రికను కూర్చు యువకులు ప్రతివారమును ముందుగ కొన్ని ఫైళ్ళను తుడిచివేసి, ఆ పిమ్మటగాని పని మొదలిడలేకున్నారు. ఏవి తుడుచుచున్నారని యడిగితిని. “పాతవే సార్” అనిరి. ఆ యొక్క మాట విన్న తరువాతనే నేనీ దినమున మాటలాడుటకు ఒప్పుకొంటిని.

పాతవనగా నేమి? 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు బళ్ళారి జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయినవి. మన సిరుగుప్ప ప్రాంతము మైసూరు రాష్ట్రమున చేరినది. చుట్టరికములు మాత్రము ఆ గీతను లెక్కపెట్టలేదు. ఆదోనిలో పిల్లనిచ్చినవారము, ఆలూరునుండి కోడలిని తెచ్చుకొన్నవారము ఈ సభలోనే పలువురున్నాము. ఇట్టి కుటుంబముల ముచ్చటలను కూర్చిపెట్టు భారము మనమీదనే పడినది. పెండ్లిపత్రికలు, తాతలనాటి తెలుగు దస్తావేజుల నకళ్ళు, బడిపిల్లల పటములు, మన పత్రిక వెనుకటి సంచికలు, సభ్యులు తెచ్చి యిచ్చినవన్నియు స్కాను చేసి ఆ పెట్టెలోనే పెట్టియున్నాము. కాగితములు ఎవరివి వారికి తిరిగి యిచ్చివేసితిమి. వానిలో కొన్ని చెదలు తినియుండవచ్చును, కొన్ని అటకమీదనుండి చెత్తలోనికి పోయియుండవచ్చును. అనగా పెట్టెలోని నకలే కొన్నింటికి ఇప్పుడు అసలు.

పెట్టె బరువు తగ్గవలసినదే, సందేహము లేదు. అయితే తుడిచివేయుట వేఱు, తరలించుట వేఱు. ఇంటి కొట్టము నిండినప్పుడు వడ్లను వీథిలో పారబోయుదుమా? సిరుగుప్ప గోదామునకు తోలి రసీదు తెచ్చుకొందుము. క్లౌడనునది అట్టి గోదామే. పేరు మబ్బుగాని అది ఆకాశమున లేదు. పరుల స్థలమున నేలమీద నిలిచియున్న కంప్యూటర్ల వరుసయే. అమెజాను సంస్థ అట్టి కేంద్రములను మన దేశమున 2016లో ముంబయిలోను, 2022లో హైదరాబాదులోను తెరచినది. మన సీమలో మబ్బును నమ్మి విత్తినవాని సంగతి మీకు తెలియనిది కాదు. పేరు పెట్టినవారు బళ్ళారివైపు వచ్చియుండరు.

పని యెచ్చట మొదలిడవలెను? ముందుగ బరువేదో చూడవలెను. విండోసు సెట్టింగులలో స్టోరేజి యను పుటను తెరచినచో ఏ రకపు ఫైళ్ళు ఎంత ఆక్రమించినవో కానవచ్చును. సామాన్యముగా దస్తావేజులు, ఉత్తరములు గోరంత, వీడియోలు కొండంత. ఒకే పెండ్లి వీడియో నాలుగు ఫోల్డర్లలో నాలుగు పేర్లతో ఉండుట మన యిండ్ల ఆచారమైపోయినది. ఒకటి చూచి నిశ్చయించుకొని తక్కిన మూటిని తీసివేసిన తప్పులేదు. డౌన్‌లోడ్స్ ఫోల్డరునందలి ప్రోగ్రాముల మూటలను, వాట్సాపునుండి వచ్చిపడిన శుభోదయముల పటములను గూర్చి నేను కన్నీరు కార్చను.

మిగిలినవానిని తరలించుటకు కాలము పట్టును. 100 జీబీ పంపవలెననుకొందము. సెకండునకు 5 మెగాబిట్ల వేగమున పైకి పోవు కనెక్షనుపై అది ఆగకుండ సుమారు 44 గంటల పని. దినమునకు 2 జీబీ యిచ్చు ఫోను ప్లానుతో పంపినచో 50 దినములు. నడుమ కరెంటు పోవును. కావున ఒక్క రాత్రిలో ముగించెదమను తొందర వలదు. ఫోల్డరు వెంట ఫోల్డరు పంపి, పోయినది పూర్తిగ పోయినదో లేదో మఱియొక యంత్రమున తెరచి చూచి, ఆ తరువాతనే ఇచ్చటిది తీయవలెను.

ఇక ముఖ్యమైన చిక్కు. మన పిల్లలలో ననేకులు “క్లౌడులో ఉన్నదిగదా” యని పెట్టెలో తుడిచివేయుదురు. అట్లు తుడుచుటతో క్లౌడులోనిదియు పోవును! ఏలయన, వన్‌డ్రైవు, గూగుల్ డ్రైవు మొదలగునవి సామాన్యముగ రెండుచోట్లను సమానముగా నుంచునట్లు ఏర్పరుపబడినవి. ఇచ్చట తీసినచో అచ్చటను తీయుట వాని ధర్మము. వన్‌డ్రైవునందు ఫైలుమీద కుడిమీట నొక్కినప్పుడు ‘ఫ్రీ అప్ స్పేస్’ అను మాట కానవచ్చును. దానిని నొక్కినచో పెట్టెలోని ప్రతి మాత్రము పోయి క్లౌడులోనిది నిలుచును. ఫైలు ప్రక్కన నీలి మబ్బు గుర్తు పడును. దాని సమీపముననే ‘డిలీట్’ కలదు. అది రెంటిని తీయును. ఫోనులోని గూగుల్ ఫొటోస్‌కును ఇదే భేదము. పొరపాటున తుడిచినది గూగుల్ డ్రైవు చెత్తబుట్టలో 30 దినములును, భద్రపరచిన ఫొటోయైనచో 60 దినములును ఉండును. ఆ గడువు దాటిన పిమ్మట ఎంత మొఱపెట్టుకొన్నను ఫలము లేదు.

గోదామునకు నిప్పంటుకొన్నచో? ఇది ఊహ కాదు. 2025 సెప్టెంబరు 26వ తేదీన దక్షిణ కొరియాలోని దేజాన్ నగరమున ప్రభుత్వ సమాచార కేంద్రము అగ్నికి గురియైనది. ప్రభుత్వోద్యోగులు తమ ఫైళ్ళను తమ కంప్యూటర్లలోగాక దాచుకొనుచుండిన ‘జీ-డ్రైవు’ అను క్లౌడు సమూలముగ నశించినది. 858 టెరాబైట్లు, అనగా సుమారు 8 లక్షల 58 వేల జీబీ. అంత పెద్ద నిల్వకు వేఱొకచోట నకలు లేదట, మిక్కిలి పెద్దదగుటచేతనే! ధనమునకు, విద్యకు కొదువలేని దేశము. నిప్పు లేకున్నను గోదాములు మూతపడును. అమెజాను వారే తమ అమెజాన్ డ్రైవును 2023 డిసెంబరు 31న ముగించిరి. కావున క్లౌడునందొకటి, మఱియొకటి బయటి హార్డుడిస్కునందు ఉండవలెను. ఆ డిస్కు ఈ కార్యాలయమునందే యుండగూడదు. ఆదోనిలోనో బళ్ళారిలోనో నమ్మకమైన సభ్యుని యింట నుంచుడు.

రసీదు మాట. ఖాతా యెవరి పేర నుండును? బెంగుళూరున నున్న ఒక కుఱ్ఱవాని పేర తెరచితిమనుకొందము. అతడు ఫోను నంబరు మార్చును, ఉద్యోగము మార్చును, మనల మఱచును. తప్పు అతనిది కాదు. రెండేండ్లు ఎవ్వరును తెరవని వ్యక్తిగత ఖాతాలను తొలగించు నియమమును గూగుల్ సంస్థ 2023లో ప్రకటించినది. కావున ఖాతా సంఘము పేరనే యుండవలెను. సంకేతపదము కార్యదర్శివద్దను కోశాధికారివద్దను వ్రాతమూలకముగ మూసిన కవరులో నుండవలెను. కార్యవర్గము మారినప్పుడు రొక్కపు పుస్తకముతోపాటు అదియు చేతులు మారవలెను. మూడు నెలలకొకపరి యెవరైనను తెరచి చూచుచుండవలెను.

వ్యయమును గూర్చి అధికముగ చెప్పను. గూగుల్ వారు 2013లో ప్రకటించిన 15 జీబీ ఉచితములో ఉత్తరములు, ఫైళ్ళు, ఫొటోలు కలసియే యుండవలెను. 2021 జూన్ 1 తరువాత చేర్చిన ఫొటోలన్నియు ఆ లెక్కలోనికే వచ్చును. మన సామగ్రి అందులో పట్టదు. ఏటేట కొంత సొమ్ము కట్టవలసియుండును, దానిని వార్షిక బడ్జెటులో నొక పద్దుగ చేర్చవలెను. ఒక సంవత్సరము కట్టి మఱుసటి సంవత్సరము మఱచుట, అసలు కట్టకుండుటకంటె కీడు.

మన పత్రికనుగూర్చి ఒక ప్రత్యేక విషయము. పాత సంచికలు పేజిమేకరునందు అను ఫాంట్లతో కూర్చబడినవి. ఆ ఫైళ్ళలో నిజముగ తెలుగు లేదు. ఆంగ్లాక్షరముల సంకేతములపై ఆ ఫాంటు తెలుగు రూపములను చిత్రించును, అంతే. ఫాంటు లేని యంత్రమున తెరచినచో మన పెద్దలకు అర్పించిన నివాళులన్నియు పిచ్చిగీతలగును. పేజిమేకరు కడపటి రూపము 2001లో వెలువడినది. దానిని నడుపగల పాత యంత్రము మనవద్ద నున్నది గనుక సరిపోయినది. ఆ యంత్రము చావకముందే ప్రతి సంచికను పీడీఎఫ్‌గ మార్చి, అదియు మూలమును రెంటిని పంపవలెను. ఇకముందు కూర్చువానిని యూనికోడునందు కూర్చినచో వెదకుటకును వీలగును. తెలుగునకు యూనికోడున 1991లో వెలువడిన మొదటి రూపముననే స్థానము కలదు. పీడీఎఫ్‌గ మార్చక పంపిన సంచిక, తాళము పోయిన భోషాణమువంటిది.

ఈ వారము మొదలు యువకులకు నేను కోరునది యిది: పాత సంచికల ఫోల్డరును, దస్తావేజుల ఫోల్డరును ముందుగ పంపుడు, వీడియోలు ఆగవచ్చును. అంతవరకు ‘పాతవి’ అను పేరుగల దేనిని తుడువవలదు. ఫైళ్ళపేర్లు ‘స్కాన్ 1’, ‘స్కాన్ 2’ అని యున్నవానిని గుర్తించుటకు పెద్దలు వచ్చి కూర్చుండవలసియుండును. ఏ పటములోని అవ్వ యెవరింటి అవ్వయో చెప్పగలవారు ఈ సభలో పట్టుమని పదిమంది యున్నారు. ఆదివారము ఉదయమున తొమ్మిది గంటలకు కార్యాలయము తెరచియుండును. కండ్లజోడు తెచ్చుకొని రండు.