పాట యొకరిది, చూపు వేఱొకరిది
(ఒక పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



2021వ సంవత్సరమున విడుదలయైన ‘పుష్ప’ చిత్రములోని ‘ఊ అంటావా’ పాటను మీలో ననేకులు వినియే యుందురు. చంద్రబోసుగారు రచింపగా ఇంద్రావతి చౌహానుగారు పాడిరి. స్త్రీ యేమి ధరించినను పురుషుని వక్రదృష్టి మారదని ఆ పాట నిందించును. ఇది తమకు అవమానకరమని ఒక పురుషసంఘము ఫిర్యాదు సైతము చేసెను.

కాని దృశ్యమును పరికింపుడు. నోరు ఆ దృష్టిని గర్హించుచుండగా, కెమేరా ఆ దృష్టితోడనే నటీమణి దేహమును చూపుచున్నది. మాట స్త్రీకి దక్కినది. కన్ను పురుషునిదిగనే నిలిచినది. అధికారము పాడువారిది కాదు, చూపువారిది.

2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషను, స్త్రీలను కించపఱచు నృత్యభంగిమలను మానుడని చిత్రసీమను హెచ్చరించినది. మంచిదే. అయినను ఆజ్ఞ అడుగును ఆపగలదు గాని కన్నును మార్చజాలదు. పాఠశాలల వార్షికోత్సవములలో మన బాలికలే ఆ భంగిమలు పట్టగా చప్పట్లు కొట్టుచున్నది మనము కామా?

ప్రేమయన నిరువురును ఒకరినొకరు చూచుకొనుట. ఒకరు చూచుటకును, ఒకరు చూడబడుటకును మాత్రమే యున్నచోట నున్నది ప్రేమ కాదు, ఏలుబడి. అట్టి పాటకు మన చప్పట్లు దక్కకుండుగాక!