గ్రంథాలు విప్పే దినం

(ఆకివీడు ప్రాంతపు తొలితరం సువార్తికుల స్మారకోపన్యాసం)



కాలువ గట్ల మీద నడిచి, పడవల్లో తిరిగి ఈ ప్రాంతంలో సువార్త చెప్పినవాళ్ల స్మృతికి ఏర్పాటైన ఉపన్యాసమిది. వాళ్లు నమ్మి బతికిన మాటనే ఈ సాయంత్రం అంశంగా తీసుకున్నాను. ప్రభువు వస్తాడు, తీర్పు తీరుస్తాడు. ఈ మాట మన సంఘాల్లో రోజూ వినిపిస్తూనే ఉంది. అయితే భయపెట్టడానికి వాడినంతగా దాన్ని న్యాయం నేర్పడానికి వాడుతున్నామా అన్నది నా ప్రశ్న.

ముందుగా ఈ బోధ మన దాకా వచ్చిన దారి చూద్దాం. 1836లో మిషనరీ ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి విలియం బోడెన్, జార్జి బీర్ తమ భార్యలతో బయల్దేరి వచ్చారు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో వాళ్లు మొదలుపెట్టిన పనే గోదావరి డెల్టా మిషన్. వాళ్లది బ్రదరన్ సహవాసం. అదే దశాబ్దం మొదట్లో ఐర్లండులోని పవర్స్‌కోర్ట్‌లో ప్రవచనాల మీద సభలు జరిగాయి. ఆ సభల్లో ప్రముఖుడైన జాన్ నెల్సన్ డార్బీ అంత్యదినాల సంగతులకు ఒక వరుస కట్టాడు: సంఘం ఎత్తబడటం, ఏడేండ్ల శ్రమలు, వెయ్యేండ్ల పరిపాలన, చివరికి ధవళ సింహాసనం ముందు తీర్పు. 1909లో అచ్చయిన స్కోఫీల్డ్ బైబిలు ఆ వరుసను దేశదేశాలకూ చేర్చింది. మన కన్వెన్షన్లలో గుడ్డ మీద గీసి వేలాడదీసే పటాల్లో కనబడేది చాలావరకు అదే. అంతకుముందే, 1880లో, కెనడా బాప్టిస్టు మిషనరీ జాన్ క్రెయిగ్ మన ఆకివీడులో మిషన్ కేంద్రం పెట్టాడు. 1938లో రాజమండ్రిలో బైబిలు మిషన్ ఆరంభించిన దేవదాసు అయ్యగారు ప్రభువు రాకడకు సిద్ధపాటును తన బోధకు ఆయువుపట్టు చేసుకున్నారు.

ఇందులో గమనించదగ్గ సంగతి ఒకటుంది. ప్రభువు ఏ ఘడియలోనైనా రావచ్చునని నమ్మిన బోడెన్, బీర్ మూటాముల్లె సర్దుకుని ఆకాశం వంక చూస్తూ కూర్చోలేదు. తెలుగు నేర్చుకున్నారు, ఇక్కడే కాపురాలు పెట్టారు. వాళ్ల తర్వాత కొడుకులూ ఆ పనిలోనే దిగారు. నరసాపురంలో మిషన్ ఆసుపత్రి లేచింది. బాప్టిస్టుల సేవతో మన ఆకివీడులో స్టార్ ఆఫ్ హోప్ ఆసుపత్రి వెలిసింది. రాకడ నిరీక్షణ వాళ్లను పనికి పురికొల్పిందే తప్ప పని మాన్పించలేదు.

తేదీలు లెక్కగట్టినవాళ్ల కథ వేరు. అమెరికాలో విలియం మిల్లర్ లెక్కల్ని నమ్మినవాళ్లు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని కాచుకున్నారు. పంట కోయకుండా పొలంలోనే వదిలేసిన రైతులూ వాళ్లలో ఉన్నారు. 2011 మే 21 అని అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ చాటించాడు. ఆ దినం, ఆ గడియ కుమారునికి కూడా తెలియదని మత్తయి 24లో, మార్కు 13లో ప్రభువే చెప్పాక మనకీ కూడికలూ తీసివేతలూ ఎందుకు? థెస్సలొనీక సంఘంలో ప్రభువు దినం వచ్చేసిందని కలవరపడినవాళ్లున్నారు, పనిచేయకుండా తిరిగేవాళ్లూ ఉన్నారు. పౌలు ఆ కలవరాన్ని ఖండించి, నెమ్మదిగా పనిచేసుకుని తినమన్నాడు. కరోనా టీకాయే ప్రకటన గ్రంథంలోని 666 ముద్ర అని ఫోనుల్లో తిరిగిన మాట విని సూదికి భయపడినవాళ్లు మన మధ్యా ఉన్నారు. ఆ భయానికి బోధకులం జవాబుదారులం.

మరి తీర్పు ఎవరికి శుభవార్త? ఈ డెల్టాలో తొలి సంఘాలు నిండింది ఎక్కువగా మాల, మాదిగ పల్లెల నుంచి. తరాల తరబడి పాలేర్లుగా బతికిన జనం. కరణం లెక్కల్లో సెంటు భూమి లేదు, రచ్చబండ దగ్గర కూర్చునే చోటు లేదు. అలాంటి మనిషికి ప్రకటన 20వ అధ్యాయం చదివి వినిపిస్తే ఏం వినబడి ఉంటుంది? గొప్పవారూ కొద్దివారూ ఒకే సింహాసనం ముందు నిలబడతారు. గ్రంథాలు విప్పుతారు. కామందూ పాలేరూ పక్కపక్కన నిలబడే సభ అది. తన పేరు రాసుకున్న గ్రంథం ఒకటి ఉందన్న మాట ఆ మనిషి తల ఎత్తించి ఉంటుంది.

యాకోబు పత్రిక 5వ అధ్యాయం తీరిగ్గా చదవండి. చేను కోసిన కూలీలకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొరపెడుతోందంటాడు. వెంటనే, వాన కోసం కాచుకునే రైతులా ప్రభువు రాకడ కోసం ఓపిక పట్టమంటాడు. ఆపైన, న్యాయాధిపతి వాకిట నిలిచి ఉన్నాడంటాడు. కూలి లెక్కా రాకడ నిరీక్షణా ఒకే అధ్యాయంలో ఉన్నాయి. మనం రెంటినీ విడదీసి, రెండోదాని మీదే ప్రసంగిస్తున్నాం.

మన చేపల చెరువుల దగ్గర పట్టుబడి చూడండి. చీకటితోనే వల దిగుతుంది. రొమ్ములోతు నీళ్లలో కూలీలు వల లాగుతారు. గట్టు మీద ఐసు, ట్రేలు, కాటా, లారీ సిద్ధం. ప్రతి ట్రే తూకమూ పుస్తకంలో పడుతుంది. ఒళ్లు నాని, చేతులు ఒరుసుకుపోయిన మనిషికి ముట్టింది ఎంతో, ఇంకా రావలసింది ఎంతో కూడా రాస్తున్నారా? యజమాని ఆదివారం మన బల్ల దగ్గరే ప్రభువు రొట్టె అందుకునే విశ్వాసి అయితే ఆ లెక్క సంఘానికీ సంబంధించిందే.

కొల్లేరు సరస్సు లెక్క కూడా ఉంది. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో అక్రమ చెరువుల గట్లు పొక్లెయిన్లతో కొట్టేశారు. ఆ కూల్చివేతలో పెట్టుబడిదారుతోపాటు లంకల్లోని పేద జాలరీ దెబ్బతిన్నాడు. భూమిని నాశనం చేసేవారికీ తీర్పు ఉందని ప్రకటన 11వ అధ్యాయం చెబుతుంది. ఎలాగూ కాలిపోయే లోకమే కదా అని సరస్సును పాడుచేయడానికి ఆ గ్రంథంలో సాకు దొరకదు. దాని చివర కనబడేది దేవుడు మనుషులతో కాపురముండే కొత్త భూమి.

తీర్పు దేవుని ఇంటి దగ్గరే మొదలవుతుందన్నాడు పేతురు. కనుక ముందు మన ఇల్లు. కులం చూసి సంఘాలు చీలుతున్నాయి, ఆస్తుల కోసం సంఘ పెద్దలు కోర్టులకెక్కుతున్నారు, విధవరాలి కానుకతో వేదికలు అలంకరిస్తున్నారు. లోకానికి వినిపించే ముందు రాకడ ప్రసంగం మనం వినాలి.

కాపరులకు నా విన్నపం ఇదే. రాకడ కూటాల్లో గుర్తులు చెప్పండి, వద్దనను. చెప్పాక మత్తయి 25 తెరిచి, ఆకలిగొన్నవారినీ, రోగులనూ, చెరలో ఉన్నవారినీ ఏం చేశామని ఆయన అడగబోయే ప్రశ్నల్ని ముందే సంఘాన్ని అడగండి. ఎగ్గొట్టిన కూలి ఇప్పించండి. సమాధి స్థలం లేని పల్లెకు స్థలం కోసం సంఘమంతా కలిసి అర్జీ పెట్టండి. ఆయన ఎప్పుడు వస్తాడో మనకు తెలియదు. వచ్చినప్పుడు ఏం అడుగుతాడో మాత్రం ముందే చెప్పాడు.