బడి మూసిన కాలము – ఇంటి అక్షరము

(తిరునిన్రవూరు తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము ప్రస్తావింపబూనిన విషయము మీరెఱుగనిది కాదు. కరోనా వ్యాధి దినములలో పాఠశాలలు మూతపడిన సంగతి అందఱకును జ్ఞాపకమున్నదే. వ్యాధి తగ్గినది, బడులు తెఱచినారు, ఇంక ఆ మాట యేల అని కొందఱనవచ్చును. మేము పదవ తరగతితో చదువు ముగించి అంగడిలో కూర్చున్నవారము. అంగడి మూసిన దినములలోను బాడుగ పెరుగుచునే యుండుననియు, బాకీ తనంతట తాను తీఱదనియు మాకు తెలియును. బడి మూసిన దినముల లెక్కయు అట్టిదే. ఆ చిట్టా నొకసారి విప్పి చూచుట మన విధి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30వ తేదీన ఈ వ్యాధిని అంతర్జాతీయ ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిగా ప్రకటించెను. మార్చి నెల నడుమ మన రాష్ట్రమున బడులు మూయ నారంభించిరి. 25వ తేదీ నుండి దేశమంతటను రాకపోకలు నిలిచెను. మన యూరి మీదుగా చెన్నపట్నము పోవు విద్యుత్ రైళ్లు సైతము ఆగిపోయెను. బొంబాయి ప్లేగు నాడు పుట్టిన 1897వ సంవత్సరపు అంటువ్యాధుల చట్టము మరల అక్కఱకు వచ్చెను. ఇది మన యొక్కరి కష్టము కాదు. ఆ యేప్రిల్ నాటికి 190కి పైగా దేశములలో సుమారు 150 కోట్ల మంది విద్యార్థులు ఇండ్లలోనే యుండిరి.

పదవ తరగతి పరీక్షలను 2020 జూన్ 9వ తేదీన రద్దుచేసి, అందఱును ఉత్తీర్ణులని ప్రకటించిరి. 2021 జనవరి 19న పది, పండ్రెండు తరగతులను తెఱచిరి గాని, రెండవ విజృంభణము వచ్చి మరల తలుపులు పడెను. తొమ్మిదవ తరగతి మొదలు పైవారికి 2021 సెప్టెంబరు 1న, ఒకటి మొదలు ఎనిమిది వఱకు గలవారికి నవంబరు 1న బడి తెఱచిరి. 2022 జనవరిలో మఱొకసారి మూసి, ఫిబ్రవరి 1న తెఱచిరి.

చిన్న తరగతుల లెక్కను చూడుడు. పందొమ్మిది నెలలకు పైబడి వారికి బడి లేదు. 2020 మార్చిలో ఒకటవ తరగతి చదువుచుండిన బిడ్డ తిరిగి బడి గడప త్రొక్కునప్పటికి మూడవ తరగతిలో నుండెను. ఆ జూన్‌లో క్రొత్తగా చేరవలసిన బిడ్డ తరగతిగది ముఖమును మొదటిసారి చూచినది రెండవ తరగతిలో. ఓనమాలు దిద్దవలసిన వయస్సు ఇంటిలోనే గడచిపోయెను. ఆ పిల్లలే నేడు పై తరగతులకు వచ్చియున్నారు.

బడులను మూసినందుకు మేము ఎవరిని నిందింపము. తెలియని వ్యాధి వచ్చినప్పుడు ప్రాణము ముందు, పాఠము తరువాత. ప్రభుత్వమువారు ఊరక కూర్చుండలేదు. మధ్యాహ్న భోజనమునకు బదులు బియ్యము, పప్పు, కోడిగ్రుడ్లు పిల్లల కుటుంబములకు ఇచ్చిరి. పాఠ్యపుస్తకములు పంచిరి. 2019లో ఏర్పడిన కల్వి టెలివిజన్ ద్వారా పాఠములు చెప్పించిరి. 2021 అక్టోబరులో 'ఇల్లం తేడి కల్వి', అనగా ఇల్లు వెదకి వచ్చు చదువు, అను పథకమును ప్రారంభించి, సాయంకాలములందు వీధులలో పాఠములు చెప్పుటకు స్వచ్ఛంద సేవకులను నియమించిరి. ఇది మెచ్చుకొనదగిన కార్యము.

అయినను ఒక ప్రశ్న వేసికొందము. బడి మూసినప్పుడు ఏ భాషకు ఎవరు తోడు నిలిచిరి? తమిళమునకు వీధి యంతయు తోడుగా నిలిచెను. దుకాణపు పలక, వార్తాపత్రిక, టెలివిజన్, ప్రక్కయింటి అక్క, అన్నియు ఉపాధ్యాయులే. ఆంగ్లమునకు చేతిలోని ఫోన్ తోడయ్యెను. మన తెలుగునకో? తిరునిన్రవూరు వీధిలో తెలుగు అక్షరము వ్రాసిన పలక బిడ్డ కంటికి కనబడదు. బడిలో గాని, సంఘము నడపు తరగతిలో గాని దొరకిన ఆ కొద్ది అక్షరమును తలుపు మూయగానే జారిపోయెను. నిర్బంధము లేని పాఠమే మొదట మఱపునకు వచ్చుట లోకసహజము.

మా యింట తెలుగే మాటలాడుచున్నాము గదా, భయమేమి అని అందురు. నిజమే. తరతరములుగా ఇచట నిలిచియు మన తల్లులు తెలుగులోనే లాలించిరి, తెలుగులోనే కోపించిరి. కాని మాట వేఱు, వ్రాత వేఱు. మాట ఉగ్గుపాలతో వచ్చును; వ్రాత పలక మీద చేయి పట్టి దిద్దించిననే వచ్చును. తాతగారి దస్తావేజును, అవ్వ దాచుకొనిన ఉత్తరమును, బంధువు పంపిన శుభలేఖను మనుమడు బొమ్మవలె చూచి ప్రక్కన పెట్టినచో, ఆ యింట తెలుగు సగము ఆగిపోయినట్లే. చదువలేని భాషలో మాటలును క్రమముగా తగ్గును. వంటింటి మాటలు మిగిలి తక్కినవి పోవును.

మనకు హక్కులు లేకపోలేదు. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము, అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సౌకర్యములు కల్పింపవలెనని చెప్పుచున్నది. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లా నుండి మదరాసు రాష్ట్రమున చేరినప్పుడు, గీత మాఱినదే గాని ఇండ్లలోని భాష మాఱలేదు. ఆ తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జన్మదినమునే 1962 నుండి దేశమంతయు ఉపాధ్యాయ దినముగా జరుపుకొనుచున్నది. హక్కులను అడుగుచునే యుందము. కాని హక్కు బడి తలుపు వద్దకు తీసికొనిపోవును. తలుపే మూసియున్ననాడు హక్కు గల బిడ్డయు వాకిటనే నిలుచును.

తమిళమే అన్నము పెట్టునది, తెలుగు లిపి యేల అని అడుగువారును గలరు. తమిళము మనకు పరాయి కాదు. మా అంగడిలో బేరము జరుగునది ఆ భాషలోనే. మన పిల్లలు దానిని చక్కగా నేర్వవలెను, అందులో మంచి మార్కులు పొందవలెను. రెండు కండ్లు గలవాడు ఒక కన్ను మూసికొనినంతమాత్రమున రెండవది పదునెక్కదు. వారమునకు ఒక గంట తెలుగునకు ఇచ్చినచో తమిళమునకు కలుగు నష్టమేమియు లేదు.

కావున మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది: ప్రతి ఇంట ఆదివారమునాడు ఒక గంట తెలుగు పుట యొకటి బిగ్గఱగా చదువబడవలెను. చదువగల తాతయో అవ్వయో ఉన్నచో ఆ భారము వారిదే. వారికది భారము కాదు, గౌరవము. రెండవది: చదువ వచ్చిన ప్రతి కుటుంబము తమ వీధిలోని నలుగురైదుగురు పిల్లలను చేరదీయవలెను. వీధి తిన్నెయే చాలును. 'ఇల్లం తేడి కల్వి' చూపిన త్రోవ ఇదియే గదా! మూడవది: పెద్ద బాలశిక్ష, పలక, ఒక కథల పుస్తకము ఇంట ఉండవలెను. బియ్యము, పప్పు నిలువ చేసికొనునట్లు అక్షరమును గూడ నిలువ చేసికొనవలెను.

తలుపులు మూయునది మహమ్మారి యొకటియే కాదు. 2015 డిసెంబరు వఱదలలోను, 2023 డిసెంబరు తుపానులోను మన జిల్లాలో బడులు మూతపడెను. రేపు మఱియేది వచ్చునో యెవరెఱుగుదురు?

మన యూరికి పూసలార్ నాయనారు కథ పేరు తెచ్చినది. చేత కాసు లేని ఆ భక్తుడు రాయి రాయిగా మనసులోనే గుడి కట్టెనని, రాజు కంచిలో కట్టించిన గుడి కన్న దానికే ముందు దేవుడు వచ్చెనని పెద్దలు చెప్పుదురు. మనము కట్టవలసిన బడికిని సున్నము, ఇటుకలు అక్కఱలేదు. దినమున కొక అక్షరము చొప్పున ఇంట కట్టుకొందము. అట్టి బడిని మూయుటకు ఏ వ్యాధి తరము కాదు.

వచ్చు ఆదివారము నుండియే ఆరంభింపుడు. పిల్లల పేరులను, చదువు చెప్పగల పెద్దల పేరులను సంఘ కార్యాలయమున వ్రాయింపుడు.