ఐదో వారపు పగారు



అశోక్ చౌక్ పరిసరాలలో మరమగ్గాల చప్పుడుతోనే తెల్లవారుతుంది. తరాల క్రిందట తెలంగాణ పల్లెల నుండి బతుకుతెరువు కోసం వచ్చిన పద్మశాలి కుటుంబాల శ్రమ వలన షోలాపూర్ చద్దరు దేశమంతటా పేరు పొందింది. దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. మగ్గం దగ్గర భర్త, బీడీల చాట దగ్గర భార్య రోజంతా శ్రమించినా, పగారు వచ్చిన నాలుగో నాటికే కిరాణా దుకాణంలో ఉద్దర పద్దు మొదలయ్యే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఇందుకు మొదటి కారణం ఆదాయం తక్కువగా ఉండటం. ఆ మాటను ఎవరూ కాదనలేరు. అయితే రెండవ కారణం ఒకటి ఉంది. దానిని సరిదిద్దుకోవడం మాత్రం ఇంటివారి చేతిలోనే ఉంది.

పగారు వారానికి ఒకసారి వస్తుంది. అద్దె, కరెంటు బిల్లు, గ్యాస్, పిల్లల బడి రిక్షా మాత్రం నెలకు ఒకసారి వస్తాయి. అందువలన మూడు వారాలు చేతిలో డబ్బు ఉన్నట్లే కనిపిస్తుంది. నాలుగో వారం బిల్లులన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. ఆ వారం బియ్యానికి అప్పు చేయవలసి వస్తుంది.

దీనికి ఉపాయం నేతపనిలోనే ఉంది. పడుగు సరిగా సాగదీసి పెట్టనిదే ఎవరూ పేక వేయరు. ఇంటి ఖర్చులో నెలవారీ బిల్లులు పడుగు. రోజువారీ కూరగాయలు, పాలు, చాయ్ పేక. పగారు చేతికి వచ్చిన రోజే పడుగు భాగాన్ని వేరు చేయాలి. ఒక కుటుంబానికి నెలవారీ బిల్లులన్నీ కలిపి 6,000 రూపాయలు అవుతాయనుకోండి. ప్రతి పగారు నుండి 1,500 రూపాయలు ఒక డబ్బాలోనో, బ్యాంకు ఖాతాలోనో విడిగా ఉంచాలి. మిగిలినదే ఆ వారపు తిండి ఖర్చు. నాలుగు వారాలు గడిచేసరికి బిల్లులకు కావలసిన మొత్తం సిద్ధంగా ఉంటుంది.

ఇక్కడ గమనించవలసిన లెక్క ఒకటి ఉంది. పన్నెండు నెలలను నాలుగేసి వారాలుగా లెక్కిస్తే 48 వారాలు. సంవత్సరంలో ఉన్నవి 52 వారాలు. అంటే ఏటా నాలుగు పగార్లు నెలవారీ బిల్లుల బరువు లేకుండా వస్తాయి. శనివారం పగారు ఇచ్చే చోట ఐదు శనివారాలు ఉన్న నెలలో అది కనిపిస్తుంది. ఆ ఐదో వారం కూడా తిండి ఖర్చు ఉంటుంది కాబట్టి పగారంతా మిగలదు. అయినా అలవాటు ప్రకారం పక్కన పెట్టే 1,500 రూపాయలు మాత్రం ఏ బిల్లుకూ పోవు. నాలుగు సార్లు కలిపితే సంవత్సరానికి 6,000 రూపాయలు. అది సరిగ్గా ఒక నెల బిల్లుల మొత్తం. నూలు ధర పెరిగి మగ్గాలు ఆగినప్పుడు, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు ఆ సొమ్మే ఇంటిని నిలబెడుతుంది.

ఐదో వారాన్ని గుర్తించకపోతే ఆ సొమ్ము ఎక్కడికి పోతుందో కూడా చూడాలి. నూటికి ఐదు రూపాయల వడ్డీకి 10,000 రూపాయలు తెచ్చిన కుటుంబం నెలకు 500 చొప్పున సంవత్సరానికి 6,000 రూపాయలు వడ్డీ కడుతుంది. ఏడాది తరువాత కూడా అసలు 10,000 అలాగే ఉంటుంది. నెలకు ఐదు అంటే చిన్న మాటగా వినిపిస్తుంది. సంవత్సరానికి అది నూటికి అరవై. కాబట్టి అప్పు ఉన్న ఇంట్లో ఐదో వారపు సొమ్ము మొదట అసలుకు జమ కావాలి. 1,500 అసలు తీరితే మరుసటి నెల వడ్డీ 500 నుండి 425కు తగ్గుతుంది. నాలుగో జమ నాటికి అసలు 4,000 మాత్రమే మిగులుతుంది. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగడంలో సిగ్గుపడనవసరం లేదు. మహారాష్ట్రలో 2014 నాటి వడ్డీ వ్యాపార నియంత్రణ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయడం నేరం. వేధింపులు ఎదురైతే సహకార శాఖ నిబంధక కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు.

పొదుపు ఎక్కడ దాచాలన్నది తరువాతి ప్రశ్న. భిషీలో పొరుగువారి నమ్మకం ఉంది గాని, నిర్వాహకుడు కనిపించకుండా పోతే బీమా లేదు. బ్యాంకులలో, సహకార బ్యాంకులతో సహా, ఒక్కొక్క ఖాతాదారునికి 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా 2020 నుండి ఉంది. పత్‌సంస్థలకు ఆ బీమా వర్తించదు. ఎక్కువ వడ్డీ ఆశతో పొదుపంతా ఒకే చోట పెట్టేవారు ఈ తేడాను తెలుసుకోవాలి. జన్‌ధన్ ఖాతాలో కనీస నిల్వ అవసరం లేదు. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌ను నెలకు 100 రూపాయలతోనే ప్రారంభించవచ్చు.

మే నెలాఖరుకు ఖాతాలో 456 రూపాయలు ఉండేలా చూసుకోవడం మరొక మంచి అలవాటు. అందులో 20 రూపాయలు ప్రధానమంత్రి సురక్షా బీమాకు, 436 రూపాయలు జీవన్‌జ్యోతి బీమాకు పోతాయి. ప్రమాద మరణానికి మొదటిది, ఏ కారణంతో మరణించినా రెండవది కుటుంబానికి 2 లక్షల రూపాయలు ఇస్తుంది. రెండవదానిలో చేరడానికి వయసు 50 ఏళ్లు దాటకూడదు. బీడీ కార్మికులకు భవిష్య నిధి 1977 నుండి వర్తిస్తోంది. పెళ్లి ఖర్చుకో, పండుగకో ఆ నిధిని ఖాళీ చేస్తే చేతులు వణికే వయసులో ఆసరా ఉండదు.

పండుగలు మానుకోమని చెప్పడం దీని ఉద్దేశం కాదు. జూన్‌లో బడి పుస్తకాలు, శ్రావణ పౌర్ణమికి మార్కండేయ రథోత్సవం, ఆ తరువాత దసరా, దీపావళి ప్రతి ఏటా వచ్చేవే. తెలిసిన ఖర్చుకు ముందే ఏర్పాటు ఉంటే పండుగ పండుగలాగే ఉంటుంది.

ఈ లెక్క ఒక్కరి తలలో ఉంటే చాలదు. భర్త పగారు భార్యకు, భార్య బీడీల కూలి భర్తకు, ఇంటి అప్పు ఇద్దరికీ తెలిసి ఉండాలి. బడికి వెళ్లే పిల్లల చేత పద్దు రాయిస్తే వారికీ లెక్క వస్తుంది. గోడ మీది క్యాలెండర్‌లో ఐదు పగార్లు వచ్చే నెలలను ఈ రోజే గుర్తు పెట్టి ఉంచండి. రాబోయే పగారు రోజున సంచి పట్టుకుని దుకాణానికి బయలుదేరే ముందే పడుగు భాగం తీసి పక్కన పెట్టండి.