నల్లకోటు ఎవరి కోసం?

(అడిక్‌మెట్‌లో ఆదివాసీ విద్యార్థుల సమావేశంలో మాట్లాడిన మాటల పాఠం)



మీటింగ్ మొదలు కాకముందు ఒక చెల్లె నా దగ్గరికొచ్చింది. వాళ్ల అమ్మానాయన సుక్మా దిక్కు నుంచి ములుగు ప్రాంతానికొచ్చి మిర్చి ఏరే కూలీలు. తను ఇంటర్ పాసైంది. "అక్కా, నాకు ఎస్టీ సర్టిఫికెట్ లేదు. నేను లా చదవొచ్చా?" అని అడిగింది. "చదవొచ్చు" అన్న. కానీ అది ఒక్క మాటతో తేలే ప్రశ్న కాదు. అందుకే ఇయ్యాల రాసుకొచ్చిన ఉపన్యాసం పక్కన పెట్టి, ఆ చెల్లెకే జవాబు చెప్తా.

ఐదేళ్ల లా కోర్సుకు ఇంటర్ చాలు. లాసెట్ ఎవరైనా రాయొచ్చు. తేడా ఎక్కడంటే, ఎస్టీ విద్యార్థికి ఇంటర్‌లో 40 శాతం మార్కులు సరిపోతయి. సర్టిఫికెట్ లేని పిల్ల ఓసీ లెక్కన 45 శాతం తెచ్చుకోవాలె. రిజర్వేషన్ సీటు రాదు, ఎస్టీ స్కాలర్‌షిప్ రాదు. తరతరాల ఆదివాసీ, కాగితం మీద మాత్రం ఓసీ!

ఎందుకిట్ల? రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం షెడ్యూల్డ్ తెగల జాబితా రాష్ట్రానికొకటి ఉంటది. తెనాలిలో పుట్టి చిన్నప్పుడే బొంబాయికి పోయిన ఒక ఎస్టీ విద్యార్థి అక్కడ మెడికల్ సీటు కోసం సుప్రీంకోర్టుకు పోయిండు. అదే మర్రి చంద్రశేఖర్ రావు కేసు. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినంత మాత్రాన వలస పోయిన రాష్ట్రంలో ఆ హోదా వెంట రాదని 1990లో తీర్పొచ్చింది. గొత్తికోయలకు ఇయ్యాల అడ్డం పడుతున్నది ఇదే. గోదావరికి అవతల ఆదివాసీ, ఇవతల "వలస వచ్చినోడు".

వాళ్లు సరదాకు రాలేదు. 2005 జూన్‌లో సల్వాజుడుం మొదలైనంక ఊళ్లకు ఊళ్లే తగలబడితే అడవి దాటి వచ్చిన్రు. ఆ సల్వాజుడుం మీద కోర్టుకెక్కిన ముగ్గురిలో మన ఇ.ఎ.ఎస్. శర్మ గారు ఒకరు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. కానీ అప్పటికే ఊళ్లు ఖాళీ అయినయి. అటవీ హక్కుల చట్టమేమో 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉంటేనే పట్టా అంటది. ఆ తేదీ తర్వాత ప్రాణం కాపాడుకోవడానికి వచ్చినోడికి ఆ చట్టంలో చోటు లేదు.

కాగితం లేకుంటే ఏమైతదో 2020 ఏప్రిల్‌లో చూసినం. లాక్‌డౌన్‌లో మన మిర్చి చేన్ల నుంచి ఇంటికి బయల్దేరిన బీజాపూర్ జిల్లా పాప, 12 ఏండ్లది, మూడు రోజులు నడిచి ఊరు ఇంకొంత దూరముందనంగ చనిపోయింది. బడిలో ఉండాల్సిన పిల్ల చేన్లో ఎందుకుందని ముందే అడిగినోళ్లు లేరు.

ఈ అడిక్‌మెట్ ఫ్లైఓవర్ దాటితే ఉస్మానియా. 2022లో అదే యూనివర్సిటీ ఒక కోయ బిడ్డకు డాక్టరేట్ ఇచ్చింది. ఆమె సీతక్క. చిన్న వయసులోనే అడవి బాట పట్టి, తర్వాత బయటికొచ్చి, లా చదివి, వరంగల్ కోర్టులో వకీలుగా పనిచేసింది. తర్వాత ఎమ్మెల్యే అయింది. ఆమె పీహెచ్‌డీ దేని మీద? వరంగల్, ఖమ్మం జిల్లాలకు వలస వచ్చిన గొత్తికోయల వెలివేత మీద. 2023 డిసెంబర్‌లో ఆమె మంత్రి అయింది. మంత్రిని అడగాల్సింది మనం గట్టిగనే అడుగుదాం. ఆమె రాసిన థీసిస్‌నే ముందట పెట్టి అడుగుదాం. కానీ చదివిన చదువును అందరికంటే అడుగున ఉన్నోళ్ల దిక్కు తిప్పిన తీరు మాత్రం మనం నేర్చుకోవాలె.

ఇంకో మాట, చేదుగ ఉన్నా చెప్తా. "వాళ్లు ఛత్తీస్‌గఢ్ వాళ్లు, వాళ్లకు సర్టిఫికెట్ ఇస్తే మన వాటా పోతది" అని మనలోనే కొందరు అంటున్నరు. భయం ఉంటే కూసొని మాట్లాడుకుందాం. కానీ మాట కలిసే, పండుగ కలిసే మనిషిని పరాయోడు అని మనమే అంటే, రేపు గుడిసె పీకడానికి వచ్చినోడికి మనమే సాక్ష్యం చెప్పినట్టు.

చెల్లే, చట్టంలో కొన్ని తలుపులు సర్టిఫికెట్ అడగకుండనే తెరుచుకుంటయి. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ చూడు. ఎస్టీలకు ఉచిత వకీలు అని ఉంది, మహిళలకూ పిల్లలకూ అని కూడా ఉంది. ఆదాయంతో పని లేదు. అంటే మీ అమ్మ ఎస్టీ అని నిరూపించుకోకున్నా, ఆడమనిషిగ ఉచిత వకీలును అడగొచ్చు. 15100కు ఫోన్ చేయొచ్చు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లకు బడిలో చోటు కావాలంటే విద్యాహక్కు చట్టం కులం కాగితం అడగదు. కూలి ఎగ్గొట్టిన ఆసామి మీద ఫిర్యాదు చేయడానికీ అది అక్కర్లేదు. అయితే ఈ ముచ్చట గుంపులో కోయ మాటల్లో చెప్పేటోళ్లేరీ? ఆ దరఖాస్తు రాసేటోళ్లేరీ?

అందుకే నువ్వు లా చదవాలె. 45 శాతం మార్కులు తెచ్చుకో. ఫీజు సంగతి, పుస్తకాల సంగతి ఈ రూములో ఉన్నోళ్లం చూసుకుందాం, అది మా పూచీ. మిగతావాళ్లు సీటు వచ్చేదాకా ఆగొద్దు. సెలవులకు ఊరికి పోయినప్పుడు పక్క గుంపుకు పో. ఎవరికి ఆధార్ లేదు, ఏ పిల్ల బడికి పోతలేదు, ఎవరి కూలి బాకీ ఉంది, ఒక నోట్‌బుక్‌లో రాసుకొని రా. మన మొదటి కేసు ఫైలు అదే.

మిర్చి ఏరిన చేతుల మంట ఎట్లుంటదో ఆ చెల్లెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ మంట తెలిసిన వకీలు ఒక్కరు కోర్టులో నిలబడ్డా వాదన మారుతది.

జై ఆదివాసీ!